హైదరాబాదు నుంచి బిడది వండర్‌లాకు కారులో: రాత్రి బసకూ దారి భోజనానికీ ఒక మార్గదర్శిని

హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016 నుంచి వండర్‌లా వినోద పార్కు ఉన్నప్పటికీ, పిల్లల సెలవుల్లో కారు తీసుకొని బెంగళూరు దగ్గరి బిడదికి వెళ్లే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2005లో తెరిచిన అక్కడి వండర్‌లాను చూసి, అక్కడి నుంచి మైసూరు వెళ్లి రావడం ఒకే ప్రయాణంలో కుదురుతుంది కాబట్టి ఈ దారికి అంత ఆదరణ. హైదరాబాదు నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 570 కిలోమీటర్లు ఉంటుంది. బిడది ఆ నగరానికి అవతలి వైపు, మైసూరు రోడ్డులో మరో ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. చాలామంది పార్కు టికెట్లను వారాల ముందే కొని, తిండినీ పడకనూ మాత్రం దారికి వదిలేస్తారు. టికెట్టు ఆ ముందు రోజు కూడా దొరకవచ్చు. సెలవు రోజు రాత్రి ఎనిమిది గంటలకు, అలసిన పిల్లలతో, శుభ్రమైన గది దొరకడం మాత్రం కష్టం.

అందువల్ల అన్నింటికంటే ముందు ఖాయం చేసుకోవలసింది, పార్కుకు వెళ్లే రోజుకు ముందు రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారన్న సంగతి. ఆ గది పార్కు గేటుకు అరగంటకు మించిన దూరంలో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. హెబ్బాళలోనో వైట్‌ఫీల్డులోనో బంధువుల ఇల్లు ఉందని అక్కడ దిగినవారు పొద్దున్నే ఊరంతా అడ్డంగా దాటాలి. పనిదినమైతే ఆ ట్రాఫిక్కులోనే రెండు గంటలు గడిచిపోతాయి, పిల్లల ఉత్సాహం కూడా గేటు చేరకముందే సగం చల్లారుతుంది. చుట్టాలను తిరుగు ప్రయాణంలో చూడవచ్చు. పార్కు కోసమైతే బిడది, కెంగేరి, రామనగర, ఈ మూడింటిలో ఒకచోట దిగడం మంచిది. పార్కును ఆనుకొని వారి సొంత రిసార్టు ఉంది. అద్దె ఎక్కువే అయినా, ముసలివాళ్లూ పసిపిల్లలూ వెంట ఉన్నవారికి మధ్యాహ్నం గదికి వెళ్లి ఒక గంట నడుం వాల్చే వీలు ఎంతో విలువైనది. బిడది పారిశ్రామిక వాడలో టొయోటా కార్ల కర్మాగారం ఉండటం వల్ల, పని మీద వచ్చేవారి కోసం నడిచే మధ్యతరగతి హోటళ్లు కూడా ఆ చుట్టుపక్కల ఉన్నాయి. వాటిలో ఆడంబరం తక్కువైనా, కుటుంబానికి ఒక రాత్రికి కావలసిన పరుపు, నీళ్లు, పార్కింగు ఉంటే చాలు.

గదిని యాప్‌లో చూసి నచ్చినా, డబ్బు కట్టే ముందు హోటలుకు ఒకసారి ఫోను చేయండి. వేడినీళ్లు ఏయే వేళల్లో వస్తాయని మొదట అడగండి. చాలా లాడ్జీలలో వేడినీళ్లు ఉదయం రెండు మూడు గంటలు మాత్రమే ఇస్తారు, కానీ రోజంతా నీళ్లలో ఆడి వచ్చిన పిల్లలకు అవి కావలసింది సాయంత్రం. చెక్ అవుట్ మధ్యాహ్నం పన్నెండుకా, లేక దిగిన వేళ నుంచి ఇరవైనాలుగు గంటలకా అన్నది రెండో ప్రశ్న. పార్కు రోజు రాత్రి కూడా అదే గదిలో ఉండాలనుకుంటే రెండు రాత్రులకూ కలిపే మాట్లాడుకోవాలి, లేకపోతే పొద్దున్నే సామానంతా కారులోకి ఎక్కించి రోజంతా ఎండలో ఉంచవలసి వస్తుంది. కారు ప్రహరీ లోపల నిలుపుతారా, వీధిలోనా? అదనపు పరుపుకు ఎంత? చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉందా? చివరగా, తడిబట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీ గానీ మేడ మీద దండెం గానీ ఉందా అని అడగడం మరవకండి. నలుగురి తడి నైలాన్ బట్టలను పాలిథిన్ సంచిలో మూటకట్టి మర్నాడంతా కారులో తిప్పితే వచ్చే ముక్కిన వాసన అంత తేలికగా వదలదు. దిగేటప్పుడు పెద్దలందరి ఆధార్ కార్డులూ అడుగుతారు కాబట్టి వాటిని చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ఇక దారి భోజనం. ఈ రహదారి మీద ప్రతి ఊరి తిండికీ దాని వేళ ఉంది, మీ ప్రయాణం ఆ వేళలకు తగినట్టు సాగితేనే అది రుచిగా దొరుకుతుంది. ఉదయం ఆరు గంటలకు శంషాబాదు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు దాటితే, తుంగభద్ర వంతెన దాటి కర్నూలు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అది సరిగ్గా ఉగ్గాని వేళ. రహదారి పక్కన మెరిసే ఫుడ్‌కోర్టుల్లో ఇడ్లీ, పూరీ ఎక్కడైనా దొరుకుతాయి గాని, ఉగ్గాని కోసం పది నిమిషాలు పోయినా సరే ఊళ్లోకి వెళ్లాలి. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జి పెట్టి ఇస్తారు. ఎక్కువసేపు నానిన బొరుగులు ముద్దయిపోతాయి కాబట్టి, బాణలి ఖాళీ అయిన కొద్దీ మళ్లీ మళ్లీ కలిపే బండి దగ్గరే తినాలి. పెద్ద గిన్నెలో కుప్పగా పోసి మూతపెట్టిన చోట తినకూడదు. పిల్లలకు బజ్జి కారమైతే ఉగ్గాని ఒక్కటే నిమ్మరసం పిండి పెట్టించండి. పొట్ట బరువెక్కదు, ఘాట్ల బెడద లేని ఈ దారిలో కూడా కారు పడనివారికి అది మేలు చేస్తుంది.

కర్నూలు దాటాక డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాదాపు నూట యాభై కిలోమీటర్లు. మధ్యాహ్న భోజనం అక్కడే చేయాలని నేను చెబుతాను. రాగిసంగటి, నాటుకోడి పులుసు ఈ నేల తిండి. మాంసం తినని వారికి వేరుశనగల ఊరుబిండి (రోటిపచ్చడి), పప్పు, నెయ్యితో సంగటి అంతే తృప్తినిస్తుంది. సంగటి ముద్ద వేడిగా, చేత్తో తుంచితే జిగురు లేకుండా విడిపోయేలా ఉండాలి. చల్లారి పైన పొక్కు కట్టిన ముద్దను వడ్డిస్తే మార్చమని అడగడానికి మొహమాటపడవద్దు. పన్నెండున్నర నుంచి రెండు లోపు వెళ్తేనే తాజాది దొరుకుతుంది. ఓళిగలు (బొబ్బట్లు) కనిపిస్తే సాయంత్రానికి నాలుగు కట్టించుకోండి.

తెలియని ఊళ్లో మంచి హోటలును గుర్తించడానికి ముందు నిలిపిన వాహనాల నంబరు ప్లేట్లను చూడటం పాత పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి అన్ని జిల్లాలకూ ఏపీ 39తో మొదలయ్యే ఒకే వరుస పెట్టినందువల్ల కొత్త బండ్ల విషయంలో అది అంతగా పనిచేయదు గాని, కర్ణాటకలోకి వెళ్లాక ఇప్పటికీ ఉపయోగమే: రామనగరలో కేఏ 42, మండ్యలో కేఏ 11, మైసూరులో కేఏ 09 బండ్లు ఎక్కువగా ఆగిన చోట స్థానికులు తింటున్నారని అర్థం. మన వైపు మాత్రం లోపలికి వెళ్లి చూడాలి. బల్లలు ఎంత త్వరగా ఖాళీ అవుతున్నాయి, చేతులు కడిగే చోటు ఎలా ఉంది, మరుగుదొడ్డి ఆడవాళ్లు వెళ్లగలిగేలా ఉందా అన్నవి నిమిషంలో తెలిసిపోతాయి. మరుగుదొడ్డి విషయంలో మాత్రం పెద్ద ఫుడ్‌కోర్టులే నయం. అక్కడ టీ తాగి, భోజనం ఊళ్లో చేయడం మంచి సర్దుబాటు.

కొడికొండ, బాగేపల్లి దాటి దేవనహళ్లి చేరేసరికి మూడున్నర, నాలుగు అవుతుంది. అక్కడి నుంచి నేరుగా హెబ్బాళ మీదుగా ఊళ్లోకి దిగితే సాయంత్రపు రద్దీలో చిక్కుకుంటారు. దొడ్డబళ్లాపురం వైపు తిరిగి తుమకూరు రోడ్డు అందుకొని, మాదావర దగ్గర, నగరం పక్కగా పోయే టోల్ రోడ్డైన నైస్ రోడ్డు ఎక్కి మైసూరు రోడ్డులో దిగితే దూరం పెరిగినా ప్రాణం హాయిగా ఉంటుంది. చీకటి పడేలోగా గది చేరతారు. ఆ రాత్రి భోజనం పెరుగన్నం లాంటి తేలికైనదే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 2023 మార్చిలో ప్రారంభమైన బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ హైవే బిడది, రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య ఊళ్లను పక్కకు వదిలేసి పోతుంది. ప్రయాణం గంటన్నరకు తగ్గిన మాట నిజమే, కానీ ఆ దారికి పేరు తెచ్చిన తిండి అంతా పాత రోడ్డు మీదే మిగిలిపోయింది. ప్రధాన మార్గం ఎక్కాక అనుకున్న చోట దిగడానికి వీలుండదు. కాబట్టి కెంగేరి దాటాక సర్వీసు రోడ్డులోనే సాగండి.

పార్కును సాధారణంగా పదకొండు గంటల ప్రాంతంలో తెరుస్తారు. మీరు వెళ్లే రోజు వేళలను వారి వెబ్‌సైటులో సరిచూసుకోండి. అంటే ఎనిమిదిన్నరకు బిడదిలో తట్టె ఇడ్లీ తినడానికి కావలసినంత సమయం ఉంటుంది. పళ్లెమంత వెడల్పుగా, మెత్తగా, పైన వెన్న కరుగుతూ వచ్చే ఆ ఇడ్లీలు పెద్దవాళ్లకు రెండు సరిపోతాయి. కడుపు నిండా తిని వెంటనే గిరగిర తిరిగే రైడు ఎక్కకుండా, గంటన్నర వ్యవధి ఉండేలా చూసుకోండి. బయటి ఆహారాన్ని పార్కులోకి అనుమతించరు. పసిపిల్లల ఆహారం, మందులు ఉంటే గేటు దగ్గరే చెప్పి తీసుకువెళ్లాలి. లోపలి రెస్టారెంట్లలో ఒంటిగంట నుంచి రెండున్నర దాకా వరుసలు పొడవుగా ఉంటాయి కాబట్టి పన్నెండున్నరకే తినేసి, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ రైడ్లు ఎక్కడం లాభం. భోజనానికి అన్నం, సాంబారు, పెరుగు లాంటివి చాలు; వేపుళ్లూ శీతల పానీయాలూ నీటి ఆటలు ముగిశాక, సాయంత్రానికి ఉంచండి. ఆ రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. నడిపేవారు కూడా రోజంతా ఎండలో, నీళ్లలో ఉన్నవారే.

మర్నాడు మైసూరు వెళ్లేవారు మద్దూరులో దిగి అక్కడి వడ తినాలి. రవ్వ, మైదా, బియ్యప్పిండి, ఉల్లిపాయలతో పలుచగా, గట్టిగా చేసే ఈ వడ చల్లారినా బాగుంటుంది, తిరుగు దారికి కూడా పనికొస్తుంది. మైసూరులో జీఆర్ఎస్ ఫాంటసీ పార్కు చిన్నది. చిన్నపిల్లలున్నవారికి ఒక పూట సరిపోతుంది. అక్కడ గది ప్యాలెస్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకుంటే, ఆదివారం సాయంత్రం దీపాలంకరణ చూడటానికి కారు తీయనక్కర్లేదు. కారం లేని తిండితో నాలుక చప్పబడినవారికి గాంధీ స్క్వేర్ దగ్గరి ఆర్ఆర్ఆర్ హోటలులో ఆంధ్ర భోజనం దొరుకుతుంది. మన పిల్లలకు దసరా సెలవులు ఇచ్చే రోజులే మైసూరు దసరా రోజులు కూడా కాబట్టి, ఆ వారంలో గదుల అద్దెలు విపరీతంగా పెరుగుతాయి. అప్పుడు మండ్యలోనో శ్రీరంగపట్టణంలోనో దిగి పగలు మైసూరు వెళ్లి రావాలి.

మైసూరు నుంచి హైదరాబాదుకు ఏడు వందల కిలోమీటర్లు ఒకే రోజులో నడపడం కుటుంబంతో తగదు. కొడికొండ దగ్గర రహదారి దిగితే లేపాక్షి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. వీరభద్రాలయం, ఏకశిలా నంది చూసి సాయంత్రానికి అనంతపురం చేరి అక్కడ రాత్రి బస చేస్తే, మరుసటి ఉదయం తొమ్మిది గంటల లోపు మళ్లీ కర్నూలు ఉగ్గాని బండి దగ్గర ఉండవచ్చు.