వలస కాలంలో భవనం లైట్లు: ఏది ఆర్పాలి, ఎప్పుడు ఆర్పాలి

పాడే చిన్న పిట్టల్లో చాలా రకాలు రాత్రిపూటే వలస వెళతాయి. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ. పొద్దుగూకిన అరగంటా గంటకు పైకి లేచి, నక్షత్రాలనూ భూమి అయస్కాంత క్షేత్రాన్నీ ఆనవాలుగా పెట్టుకుని సాగిపోతాయి. మధ్యలో పెద్ద వెలుగు ఎదురైతే దాని చుట్టూ తిరిగి తిరిగి అలసిపోతాయి, అద్దాలకు గుద్దుకుంటాయి. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబర్ 11న వెలిగించే జంట కాంతి స్తంభాలను రాడార్‌తో గమనించినప్పుడు, లైట్లు ఆర్పిన కొద్ది నిమిషాలకే పిట్టల గుంపు చెదిరి తన దారిన పోయింది.

ముందుగా ఒక రాత్రి 11 దాటాక భవనం చుట్టూ నడిచి, బయటికి కనబడే ప్రతి లైటునూ రాసుకోండి: ఏ అంతస్తు, ఏ స్విచ్చి, అది ఎవరి చేతిలో ఉంది. మూడోది రాయకపోతే జాబితా గోడకు అంటించడానికే పనికొస్తుంది.

ఆకాశంలోకి కొట్టే ఫ్లడ్‌లైట్లు, గోడల అలంకార దీపాలు, మేడ మీది బోర్డుల వెలుగు మొదట ఆర్పాలి. వసంత, శరదృతు వలసల వారాల్లో వీటిని సాయంత్రం నుంచే వేయకపోవడం మేలు, ఎందుకంటే 11 గంటలకు ఆర్పేసరికి పిట్టలు గాల్లోకి లేచి చాలాసేపవుతుంది. లోపలి గదులకు 11 నుంచి తెల్లవారేదాకా టైమర్ పెట్టండి. కదలికను పట్టే సెన్సర్లున్నా, శుభ్రం చేసేవాళ్లు రాత్రంతా తిరిగితే అంతస్తులన్నీ వెలుగుతూనే ఉంటాయి. ఆ పనిని పగటికి మార్చండి. కుదరకపోతే ఒక్కో అంతస్తే పూర్తిచేసి, ఆర్పి, తర్వాతి దానికి వెళ్లమనండి. తప్పక వెలగాల్సిన గదికి బ్లైండ్లు దించితే చాలు.

మెట్లు, అత్యవసర ద్వారాల లైట్లు ఆర్పకండి. వెలుగు నేలకే పడేలా మూత బిగించండి. విమానాల కోసం పెట్టిన ఎర్రదీపాల జోలికి సొంతంగా పోవద్దు. నిలకడగా వెలిగేవాటికన్నా మినుకుమినుకుమనేవి పిట్టలకు తక్కువ హాని చేస్తాయి కాబట్టి, మార్చడానికి విమానయాన అధికారుల అనుమతి అడగండి.

మబ్బు కిందికి దిగిన రాత్రులు, పొగమంచు, సన్నజల్లు... అసలు ప్రమాదం అప్పుడే. పిట్టలు తక్కువ ఎత్తుకు దిగుతాయి, నక్షత్రాలు కనబడవు. ఆ రాత్రి మినహాయింపులు ఇవ్వకండి.

లైట్లు ఆర్పితే సగం పనే అయినట్టు. రాత్రి ఊళ్లో దిగిన పిట్ట పొద్దున్నే అద్దంలో చెట్టు ప్రతిబింబం చూసి దూసుకొస్తుంది. అద్దానికి బయటి వైపు చుక్కల ఫిల్మ్ అంటించండి. చుక్క కనీసం 6 మిల్లీమీటర్లు, చుక్కకూ చుక్కకూ మధ్య 5 సెంటీమీటర్లకు మించకూడదు. లోపలి వైపు అంటిస్తే ప్రతిబింబం చుక్కలను కప్పేస్తుంది. ఒకే ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకోవడం దండగ, పిట్ట దాని పక్కనుంచే గుద్దుకుంటుంది. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే అద్దాల భవనం దగ్గర 2023 అక్టోబర్‌లో ఒక్క రాత్రిలో 900కు పైగా పిట్టలు చనిపోయాయి. 2024లో చుక్కలు వేయించాక చావులు బాగా తగ్గాయి.

ఊడ్చేవాళ్లకన్నా ముందే, తెల్లవారుతుండగా గోడల పక్కన వెతకండి. సొమ్మసిల్లిన పిట్టను గాలి ఆడే కాగితపు సంచిలో పెట్టి చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచండి. నీళ్లూ తిండీ పెట్టకండి, శ్వాసలోకి పోవచ్చు. చూపుకు బాగానే ఉన్నా లోపల మెదడు వాచి ఉండొచ్చు కాబట్టి వన్యప్రాణి వైద్యుడికి చూపించడమే మంచిది. అది కుదరని చోట గంట, రెండు గంటలాగి, అద్దాలకు దూరంగా చెట్ల దగ్గర సంచి మూతి తెరవండి. ఎగరలేకపోతే ఇక జాప్యం చేయకుండా వైద్యం దొరికే చోటికి చేర్చండి.