ప్లగ్ పాయింట్ జరిపించాక కరెంట్ రావట్లేదా? ముందు పాత బాక్స్ తెరవండి

బీరువా వెనక పడిపోయిన సాకెట్‌ని పక్కకి జరిపించాక వచ్చే తేడాలు కొన్నే, వాటి కారణాలూ దాదాపు అవే. మెయిన్ ఆపడం, ఆపాక మళ్లీ టెస్ట్ చేసుకోవడం, స్క్రూలు విప్పడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా, రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఏం పెట్టకపోయినా, స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతోంది
ఎంసీబీ అంటే కరెంట్ మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. ఇక్కడ జరిగింది షార్ట్. ప్లేట్ బిగించేటప్పుడు వైరు స్క్రూ కింద నలిగి ఉంటుంది. విప్పి, నలిగిన ముక్క కత్తిరించి, మళ్లీ కలపండి.

ఏదైనా వాడితేనే ఆర్‌సీసీబీ పడుతోంది
ఆర్‌సీసీబీ అంటే కరెంట్ లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. ఫేజ్ (కరెంట్ తెచ్చే వైరు) ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్లే వైరు) ఇంకో సర్క్యూట్ నుంచి లాగేశారు. వెళ్లిన కరెంట్ అదే ఆర్‌సీసీబీ గుండా తిరిగి రాకపోతే అది లీకేజీ అనుకుంటుంది, ఇళ్లలో పెట్టేవి మామూలుగా 30 మిల్లీఆంప్స్ తేడాకే పడిపోతాయి. రెండు వైర్లూ ఒకే సర్క్యూట్ నుంచి తీసుకోండి. అప్పటికీ పడుతుంటే న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌కి తగులుతుందేమో చూడండి.

టెస్టర్ వెలుగుతోంది, కానీ ఏదీ పనిచేయట్లేదు
అందరూ బోల్తా పడేది ఇక్కడే. టెస్టర్ వెలిగింది కదా, కరెంట్ ఉంది, సాకెట్టే పాడైందని కొత్తది కొనుక్కొచ్చి పెడతారు, అదీ పనిచేయదు, ఇక గోడ పగలగొట్టడం మొదలెడతారు. టెస్టర్ చెప్పేది ఫేజ్ ఉందని మాత్రమే, న్యూట్రల్ తెగిపోయినా హాయిగా వెలుగుతుంది. ఒక్కోసారి రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, ఎందుకంటే ఆ లైన్లో ఆన్‌లో ఉన్న ఏదో ఫ్యానో ఛార్జరో గుండా ఫేజ్ అవతలి వైపు దాకా వచ్చేస్తుంది. అంటే న్యూట్రల్ కదా ఏం కాదులే అని ముట్టుకున్న వైరే షాక్ కొడుతుంది, జాగ్రత్త.

అసలు సంగతేంటంటే, పాత సాకెట్ ఒట్టి సాకెట్ కాదు. చాలా ఇళ్లలో అక్కడి న్యూట్రల్ స్క్రూ కిందే రెండు మూడు వైర్లుంటాయి, ఒకటి మెయిన్ వైపు నుంచి వచ్చేది, మిగతావి ముందున్న పాయింట్లకి వెళ్లే లూప్. సాకెట్ తీసేసినప్పుడు ఆ వైర్లన్నీ చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి, మీద ఖాళీ ప్లేట్ బిగించేస్తారు. ఆ మెలి వదులైతే ఫోన్ ఛార్జర్ పనిచేస్తుంది గానీ ఇస్త్రీ పెట్టె పెడితే మొత్తం ఆగిపోతుంది, కాసేపయ్యాక మళ్లీ వస్తుంది. పక్క పాయింట్ కూడా అలాగే చేస్తుంటే ఇక డౌటే అక్కర్లేదు.

మల్టీమీటర్ ఉంటే తేలిగ్గా తెలిసిపోతుంది. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య 230 వోల్టుల దగ్గర చూపించి, ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 40, 90 అంటూ ఊగుతుంటే న్యూట్రల్ తెగినట్టే. లూజు జాయింట్ అయితే లోడ్ పెట్టినప్పుడే పడిపోతుంది, అందుకే ఇస్త్రీ పెట్టె ఆన్‌లో ఉంచి అదే లైన్లోని పక్క పాయింట్‌లో చూడండి.

మెయిన్ ఆపి పాత బాక్స్ తెరవండి. టేపు జిగటగా కారి ఉన్నా, వైరు తొడుగు గోధుమరంగులోకి మాడి ఉన్నా దొరికినట్టే. మాడిన భాగం పూర్తిగా కోసేసి, మెరిసే రాగి కనపడేదాకా వెనక్కి వెళ్లి, సరైన కనెక్టర్‌లో బిగించండి. తర్వాత ఒక్కో వైరునీ విడివిడిగా పట్టుకుని లాగి చూడండి, మొత్తం కట్టని కలిపి లాగితే లూజుగా ఉన్నది దాక్కుంటుంది. ఆ బాక్స్ మీద మాత్రం సిమెంట్ పూయొద్దు, ప్లేట్ విప్పగలిగేలానే ఉండాలి. ఇంకోటి, న్యూట్రల్ లేదని ఎర్త్‌ని న్యూట్రల్‌గా వాడే పని ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. ఆ ఎర్త్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ బాడీకే కరెంట్ వచ్చేస్తుంది.

ప్లగ్ వేడెక్కుతోంది
స్క్రూ లూజు, లేదా జరిపేటప్పుడు మిగిలిపోయిన సన్న వైరుతో అతికారు. 16 ఆంప్స్ పాయింట్‌కి కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాలి, గీజర్ లాంటి వాటికి 4 వేయించుకోండి.

ఎలుక కొరకడం, ఫోటో తగిలించిన మేకు వైరులోకి దిగడం కూడా జరుగుతాయి గానీ అరుదు. పాత బాక్స్ చూశాకే వాటి జోలికెళ్లండి.