వచ్చే వారమే ఆఫ్రికా ప్రయాణమా? ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూడండి

ఉగాండాలోనో కెన్యాలోనో పని కుదిరింది, టికెట్ కూడా తీసేశారు అని ఊరగాయలు, పొడులు సర్దుకుంటున్న వాళ్ళకి ఒకటే మాట. సూట్‌కేసు పక్కన పెట్టి ముందు ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా వేయించుకోండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, టీకా వేయించుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్, టీకా వేసిన పది రోజుల తర్వాత గానీ చెల్లదు. జూన్ 1న వేయించుకుంటే 11 నుంచి. ఎవరితో చెప్పించినా ఆ పది రోజులు తగ్గవు. మా తమ్ముడు ఉగాండా రాజధాని కంపాలా వెళ్ళేముందు ఇంటి దగ్గర ఒక క్లినిక్‌లో టైఫాయిడ్, హెపటైటిస్ ఇంజెక్షన్లు వేయించుకుని, టీకాల పని అయిపోయిందని ధీమాగా ఉన్నాడు, అక్కడ ఎల్లో ఫీవర్ మాట ఎవరూ ఎత్తలేదు. తీరా వీసా దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ అడిగేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి, టికెట్ మార్చుకోక తప్పలేదు.

ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే చాలా కేంద్రాల్లో వారంలో కొన్ని రోజులే, ముందుగా పేరు రాయించుకున్న వాళ్ళకే వేస్తారు. కబురు తెలిసిన రోజే ఫోన్ చేసి అడగండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో పేరు, పాస్‌పోర్ట్ నంబరు, తేదీ, బ్యాచ్ నంబరు, సంతకం, ముద్ర అన్నీ అక్కడే నిలబడి సరిచూసుకోండి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అవుతుంటాయి కదా, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.

గతంలో వేయించుకున్నవాళ్ళు మళ్ళీ పరుగెత్తక్కర్లేదు. 2016 జూలై 11 నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాత పుస్తకంలో పదేళ్ళ గడువు రాసి ఉన్నా సరే.

కెన్యాలో ఇండియా నుంచి వచ్చేవాళ్ళని ఈ సర్టిఫికెట్ అడగరట కదా, మరెందుకు అంటారు కొందరు. తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లో అడుగుతారు! లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ జబ్బు మన దేశంలో లేదు గానీ దాన్ని మోసే దోమ, అదే డెంగీ దోమ, మన వీధుల్లో బోలెడు ఉంది, అందుకే అంత పట్టుదల. దారిలో ఈ జబ్బు ఉన్న వేరే దేశంలో పన్నెండు గంటలకి మించి ఆగినా కొన్ని దేశాలు లెక్కలోకి తీసుకుంటాయి, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

గుడ్డు అంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్ళు, గర్భిణులు, తొమ్మిది నెలల లోపు పిల్లలు, అరవై దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోవద్దు, ఇందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. వద్దని డాక్టర్ అంటే రాతపూర్వకంగా తీసుకోండి, ఆ కాగితం ఒప్పుకుంటారో లేదో ఎంబసీలో ముందే కనుక్కోండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాలు కూడా కావాలంటే అదే రోజు వేయించుకోవాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి.

మిగతావాటికి అంత టెన్షన్ అక్కర్లేదు. హెపటైటిస్ ఎ బయల్దేరే ముందు రోజు వేయించుకున్నా ఎంతో కొంత మేలే. టైఫాయిడ్‌కి రెండు వారాలుంటే మంచిది. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే ఒకటి వేయించుకోండి.

మలేరియాకి మాత్రం మనలాంటి ప్రయాణికులకి వేసే టీకా లేదు, మాత్రలే. కొన్ని ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెడితే చాలు, కొన్ని రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, కాబట్టి ఎన్ని రోజుల్లో వెళ్తున్నారో డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి. వచ్చేశాం కదా అని మధ్యలో ఆపకండి, డాక్సీసైక్లిన్ అనే మాత్ర అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చిన మూడు నెలల లోపు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి, వెంటనే వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోండి, ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టర్ అడగకముందే చెప్పండి.