బ్రహ్మకమలం విత్తనాలు కొనే ముందు

మొన్న మా బంధువుల ఇంట్లో ఐదేళ్ల పాప ముళ్ల కాయ ఒకటి చేతిలో పెట్టుకుని, పగిలిన చోటు నుంచి గింజలు ఏరుతోంది. మిరపగింజల్లా పలచగా, గోధుమ రంగులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ‘బ్రహ్మకమలం’ అని తెప్పించి నాటిన మొక్క కాయ అది. చూడగానే నా గుండె ఝల్లుమంది. అది ఉమ్మెత్త. నోట్లో పెట్టుకోకముందే లాక్కున్నాను. ఉమ్మెత్త వేరు నుంచి గింజ దాకా విషమే.

తొలకరి పడగానే అందరూ విత్తనాల కోసం వెతుకుతారు. అందరూ చేసే తప్పు ఒకటే: పేరు చూసి కొనడం. బ్రహ్మకమలం పేరుతో రెండు మొక్కలున్నాయి. రెండూ ముళ్ల మొక్కలకు చుట్టాలే. మన ఇళ్లలో రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోయేది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చింది, నాగజెముడు కుటుంబం. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం సాసూరియా ఆబ్‌వల్లాటా. అది కుసుమకు బంధువు, హిమాలయాల్లో సుమారు 4,000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. మన ఎండలకు బతకదు. విత్తనం అసలైనదే అయినా డబ్బు దండగే.

మొదటిదానికి విత్తనంతో పనే లేదు. ఇక్కడ కాయ కాయడమే అరుదు. తెలిసినవాళ్ల దగ్గర ఆకులా కనిపించే కాండం ముక్క అడగండి. కోసిన చోటు నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, నీరు నిలవని మట్టిలో గుచ్చండి. పచ్చిగా గుచ్చితే కుళ్లుతుంది.

అయినా విత్తనాలే కావాలంటారా? పేరు చూసి కొనకండి. శాస్త్రీయ నామం రాయని ప్యాకెట్ ముట్టుకోకండి. నీలం రంగు పూల ఫొటో పెట్టినవాళ్లను నమ్మకండి. విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అడగకుండా పోస్టులో వచ్చిన విత్తనాలను నాటకండి, చెత్తలో పారేయకండి, వ్యవసాయ అధికారికి అప్పగించండి. కొండల మీద పెరిగే బ్రహ్మకమలాన్ని కోయకండి. కొత్త విత్తనం ముందు కుండీలోనే వేయండి. నాలుగు గింజలు, ప్యాకెట్ దాచి ఉంచండి. పిల్లలకు అందనివ్వకండి. మళ్లీ చెబుతున్నాను, పేరు చూసి కొనకండి.

ఎవరైనా ఉమ్మెత్త గింజలు మింగారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకండి. నోరు ఎండిపోవడం, కనుపాపలు పెద్దవి కావడం, పొంతన లేని మాటలు మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. వాంతి చేయించకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, మిగిలిన గింజలు వెంట పట్టుకెళ్లండి.