మేత మడికి నీళ్లు పెట్టకముందే: బాతుల కోసం పంట ఎంచుకునేటప్పుడు జాగ్రత్తలు

వలస బాతుల కోసం మేత మడి, అంటే గింజ పంట పండించి కోయకుండా నీళ్లు పెట్టి పక్షులకు వదిలే పొలం, వేద్దామనుకునే ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: బాతులకు ఏ గింజ ఇష్టం? మొక్కజొన్నా తింటాయి, వరీ తింటాయి, ఊదలూ తింటాయి. ఇష్టాన్ని బట్టి విత్తనం కొన్న మడులు చాలావరకు పక్షులు దిగకముందే పాడైపోతాయి. ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతి. మడిలోకి నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఎంత లోతు నిలుస్తాయి, ఎన్నాళ్లు ఉంటాయి, మీరు అనుకున్న రోజున బయటికి వదలగలరా? వీటికి జవాబులు చేతిలో ఉంటే ఏ పంట వేయాలో చాలావరకు తేలిపోయినట్టే.

తూము, గట్టు రెండూ బాగుండి నీళ్లు పూర్తిగా మీ అదుపులో ఉంటేనే మొక్కజొన్న గురించి ఆలోచించండి. గింజకు బలం ఎక్కువే, చలికాలంలో బాతులకు మంచి వేడినిస్తుంది. కానీ లేత మొక్క మొదట్లో రెండు మూడు రోజులు నీటమునిగితే చాలు, చచ్చిపోవచ్చు. పైగా పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు, మంచి భూమి, ఎరువు కావాలి. వాన పడితే తనంతట తానే నిండిపోయే పల్లంలో మొక్కజొన్న వేయడమంటే డబ్బు నీళ్లపాలు చేసుకోవడమే. జొన్న కొంత తట్టుకుంటుంది, ఖర్చూ తక్కువ. అయితే కంకి పైకి కనబడుతూ ఉంటుంది కాబట్టి బాతులకంటే ముందు చిన్న పిట్టలు వచ్చి ఖాళీ చేస్తాయి. తేమ ఎక్కువుంటే కంకి మీదే బూజు పడుతుంది.

నీళ్ల మీద పూర్తి పట్టు లేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఊద జాతి, అందులోనూ జపాన్ ఊద. సుమారు 60 రోజుల్లో గింజకొస్తుంది. నీళ్లు తీసిన తర్వాత మిగిలే మెత్తటి బురద మీద చల్లినా మొలుస్తుంది, దున్నే పని కూడా ఉండదు. ఎకరాకు పది కిలోలు సరిపోతాయి. ఒత్తుగా పడితే బాగుంటుందని ఇంకా చల్లితే కాడలు సన్నబడి, వెన్నులు చిన్నవై, గాలికి పంటంతా పడిపోతుంది. మొక్క కాస్త ఎదిగాక కాళ్ల దగ్గర నీళ్లున్నా ఓర్చుకుంటుంది, కానీ ఆకుల కొసలు కూడా మునిగేలా నీళ్లు పెట్టకూడదు. మొలకలు నాలుగు వేళ్ల ఎత్తు ఉన్నప్పుడు వచ్చిన ఒక్క పెద్ద వాన చాలు, మడి మొత్తం పోవడానికి. అందుకే ఆ రెండు మూడు వారాలు నీళ్లు బయటికి పోయేలా తూము తెరిచి ఉంచాలి.

ఇక ఎప్పుడు విత్తాలన్నది. పక్షులు వచ్చే వారం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గింజ గట్టిపడ్డాక రెండు వారాలు వదిలి నీళ్లు పెట్టగలిగేలా విత్తుకుంటే చాలు. తొందరపడి ముందే విత్తితే గింజ రాలి మొలకెత్తుతుంది, ఆలస్యమైతే గింజ పాలు పోసుకునే దశలోనే మంచు కొడుతుంది. నీళ్లు పెట్టబోయే ముందు మడిలోకి దిగి, ఒక వెన్ను తెంపి, గింజను గోటితో నొక్కి చూడండి. తెల్లటి పాలు చిమ్మితే ఆగాలి. పిండిలా నలిగితే ఇంకో వారం. గోరు దిగకపోతేనే నీళ్లు. ఈ చిన్న పరీక్ష చాలామంది చేయరు. క్యాలెండర్ చూసి నీళ్లు పెట్టేస్తారు, నీటిలో మునిగిన పచ్చి గింజంతా కుళ్లిపోతుంది.

నీళ్లలో ఏ గింజ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియకుండా పంట ఎంచుకోవద్దు. నీటి పక్షుల మేత మీద పనిచేసినవాళ్లు 90 రోజులు గింజల్ని నీళ్లలో ఉంచి చూశారు. సోయాచిక్కుడు 80 శాతానికి పైగా పాడైపోయింది. మొక్కజొన్న, ఊద జాతి గింజలు దాదాపు సగం, జొన్న 40 శాతం పోయాయి. వరి పోయింది ఐదో వంతు మాత్రమే. అంటే చలికాలమంతా పక్షులు ఉండే చోట వరికి సాటి లేదు, కొన్ని వారాలు ఆగి వెళ్లిపోయే చోట ఊద చాలు. వరికి నాలుగు నెలల కాలం, నిలకడగా నీళ్లు ఉండాలన్నది మరిచిపోవద్దు. సోయాచిక్కుడు మాత్రం ఈ పనికి వద్దనే చెబుతాను. కుళ్లడం ఒక్కటే కాదు, ఎండు గింజలు మింగిన పక్షి నీళ్లు తాగగానే అవి గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. బాతులు, హంస బాతులు ఇలా చనిపోయిన సందర్భాలున్నాయి.

ఒకే పంటతో మడి నింపకండి. మొక్కజొన్న, జొన్న కడుపు నింపుతాయి గానీ వాటిలో మాంసకృత్తులు తక్కువ. ఈకలు మార్చుకునేటప్పుడు, గుడ్ల కాలం దగ్గరపడేటప్పుడు బాతులకు కావాల్సింది పురుగులు, నత్తలు. అవి పెరిగేది నీళ్లలో మెత్తబడే ఆకులు, కాడల మధ్య. అందుకే మడిలో కొంత భాగాన్ని దున్నకుండా వదలండి. వసంతంలో అక్కడి నీళ్లు రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తే అడవి ఊద, తుంగ, కణుపుల దగ్గర ఉబ్బి గులాబీ కంకులు వేసే స్మార్ట్‌వీడ్ వాటంతటవే వస్తాయి. నీళ్లన్నీ ఒక్కసారిగా వదిలేస్తే నేల గట్టిగా ఆరిపోయి మరులమాతంగి, జీలుగ లాంటివి కమ్మేస్తాయి, వాటితో బాతులకు పెద్దగా ప్రయోజనం లేదు. జమ్ము కూడా కొంచెమే కదా అని వదిలేస్తే రెండు మూడేళ్లలో మడంతా తనదే అంటుంది. గుర్రపు డెక్కను అందంగా ఉందని ఎక్కడి నుంచో తెచ్చి వేయడం మహాపాపం. చెరువులకు చెరువులే పోయాయి దానివల్ల. ఎక్కడి మొక్కనైనా తెచ్చే ముందు అది ఆ ప్రాంతంలో నిషేధంలో ఉందేమో కనుక్కోవాలి.

లోతు విషయంలో చేసే పొరపాటు ఎప్పుడూ ఎక్కువ వైపే. తల ముంచి తినే బాతులకు 10 నుంచి 25 సెంటీమీటర్ల నీళ్లు సరిపోతాయి, అతి చిన్న జాతులకు ఇంకా తక్కువ. 45 సెంటీమీటర్లు దాటితే అడుగున గింజ ఉన్నా అవి అందుకోలేవు. మడినంతా ఒకే రోజు నింపకుండా రెండు మూడు విడతలుగా నీటిమట్టం పెంచితే కొత్త మేత విడతలవారీగా అందుతుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం విత్తనం మీది మందు. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో కనిపించే విత్తనం మందు పట్టించినది. నేల పైన మిగిలిపోయిన అలాంటి గింజ పక్షికి విషం. వెదజల్లే పంటలకు మందు పట్టించని విత్తనమే కొనండి, పురుగుమందు, కలుపుమందు వాడితే నీళ్లు పెట్టే గడువు లేబుల్ మీద చూసి గాని తూము ఎత్తకండి. కంకుల మీద బూజు కనబడితే ఆ భాగానికి నీళ్లు పెట్టొద్దు. వానల్లేక వాడిన మొక్కజొన్నలో పెరిగే శిలీంధ్రం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, దానివల్ల బాతులు గుంపులుగా చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి.

ఎండలు తగ్గకముందు పచ్చి గడ్డిని నీళ్లలో ముంచడం మరో ప్రమాదం. గడ్డి కుళ్లి నీటిలో ఆక్సిజన్ పడిపోతే, పక్షి ఒళ్లు చచ్చుబడిపోయే బాట్యులిజం అనే జబ్బును తెచ్చే బ్యాక్టీరియా విషం పుట్టిస్తుంది. మెడ నిలపలేక నీటి మీద వాలిపోయిన బాతు కనిపిస్తే ఈ జబ్బేనని అనుమానించాలి. చచ్చిన పక్షిని అలాగే వదిలేస్తే దాని మీద పుట్టిన పురుగుల్లో ఆ విషం చేరుతుంది, వాటిని తిన్న బాతు కూడా పోతుంది. కాబట్టి చేతి తొడుగులు వేసుకుని వెంటనే తీసేయాలి, పశువైద్య అధికారులకు కబురు చేయాలి.

ఆ మడి దగ్గర వేటాడే ఉద్దేశం ఉన్నవాళ్లు విత్తనానికి ముందు చట్టం చూడాలి. అమెరికాలో నిలిచి ఉన్న పంటకు నీళ్లు పెట్టి వేటాడటం నేరం కాదు. అదే పంటను పడగొట్టి గింజ రాల్చితే ఎర వేసినట్టే, గింజంతా తొలగించాక కూడా 10 రోజులు అక్కడ వేటాడకూడదు. మనిషి విత్తిన ఊదకూ ఇదే వర్తిస్తుంది. మరుసటి ఏడాది దానంతటదే మొలిచినది మాత్రం సహజంగా పెరిగిన మొక్కల లెక్కలోకి వస్తుంది. తుపాకీలో వాడే సీసం గుళ్లను నీటి పక్షుల వేటలో ఆ దేశం 1991 నుంచి పూర్తిగా నిషేధించింది. బాతులు రాళ్లనుకుని వాటిని మింగుతాయి, సీసం ఒంట్లోకి చేరి నెలలోపే చంపేస్తుంది. పాత వేట స్థలంలో మడి తవ్వేవాళ్లు అడుగు మట్టిని జల్లెడ పట్టి చూసి, గుళ్లు కనబడితే వేరే చోటు వెతుక్కోవాలి.