స్టాండు లేకుండా రాత్రి ఫొటోలు: పాత మిర్రర్‌లెస్ కెమెరాతో ఎలా తీయాలి?

రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర స్టాండు పెట్టుకునే చోటే దొరకదు. కోరిక తీరినవారు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తుంటారు, కోరిక ఉన్నవారు అందుకుంటుంటారు. పొద్దు గూకాక ఆ చేతుల మీద పడే దీపాల వెలుగంటే నాకు ప్రాణం. దాన్ని తీయడానికి నేను వాడేది 2014లో వచ్చిన ఒలింపస్ ఈ-ఎం10 అనే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల) కెమెరా, అందులో మొదటి మోడల్. 16 మెగాపిక్సెల్‌లే. జేబుకు కొంచెం పెద్దది, సంచిలో ఉన్నట్టే తెలియదు. ఆ తరం కెమెరా ఏదైనా మీ బీరువాలో పడి ఉంటే బయటికి తీయండి.

ముందు లెన్స్ మార్చండి. కెమెరాతో పాటు వచ్చే చిన్న జూమ్ సాధారణంగా ఎఫ్ 3.5 దగ్గర మొదలై, జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 5.6కు పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు. జూమ్ లేని ఎఫ్ 1.8 లెన్స్ ఎఫ్ 3.5 కంటే దాదాపు నాలుగు రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. కొత్త కెమెరాకు పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే చాలు. నాది 25 మిల్లీమీటర్లది. వాడిన లెన్స్ కొంటుంటే ఒక వైపు నుంచి ఫోను టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. అద్దం లోపల సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, ఎంత చవకైనా వద్దు. మన తీరం ఉక్కకు అది పెరుగుతూనే ఉంటుంది. మంచి లెన్స్‌నైనా మూత బిగుతుగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి.

తర్వాత డయల్‌ను ఎస్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మీరే చెప్పే పద్ధతి) మీద పెట్టి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో ఉంచి, గరిష్ఠ పరిమితి 3200 ఇవ్వండి. ఇక మీరు తేల్చుకోవలసింది షట్టర్ వేగం ఒక్కటే. కెమెరా లోపల ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును సరిచేస్తుంది కానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. అందుకే రంగనాయకుల గుడి గాలిగోపురానికి సెకనులో పదో వంతు సరిపోతుంది, నిలబడి మాట్లాడుకునేవారికి 50 లేదా 60వ వంతు కావాలి, నడిచేవారికి 125వ వంతు. ఎల్‌ఈడీ దీపాల కింద ఒక చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫొటోలో అడ్డచారలు కనిపిస్తే వేగాన్ని 50 లేదా 100వ వంతుకు మార్చండి.

పట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం. పట్టీని మెడలో వేసుకుని, అది బిగుసుకునేదాకా కెమెరాను ముందుకు తోయండి. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. ఊపిరి వదిలాక మీట నొక్కండి. వరుసగా మూడు తీయండి. వేలి ఒత్తిడికి మొదటిది కదిలినా, తర్వాతి రెండిట్లో ఒకటి నిలుస్తుంది.

ట్రంకు రోడ్డు వైపు ఒక దోసెల బండి ఉంది. ఒకటే బల్బు, కింద పెనం, మధ్యలో ఆవిరి. కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి ఫొటో మొత్తాన్ని వెలిగించబోతుంది, దాంతో బల్బు తెల్లటి ముద్దవుతుంది, ఆవిరి మాయమవుతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో వెలుగు స్థాయిని, మైనస్ 1కి దించితే ఆవిరి పొరలు పొరలుగా వస్తుంది. చీకటిని చీకటిగానే ఉండనివ్వండి. ఫోకస్ కుదరకపోతే తెర మీది ఫోకస్ గడిని వెలుగు నీడలు కలిసే అంచు మీద, ఇక్కడైతే పెనం అంచు మీద, ఉంచండి. నున్నటి నల్లటి భాగంలో ఈ కెమెరాలు తడుముకుంటాయి.

ఫ్లాష్, ఫోకస్ కోసం వెలిగే ఎర్ర దీపం రెండూ ఆపేయండి. చెరువులో మొక్కుకుంటున్నవారి ముఖం మీద దీపం వేయడం తప్పు. అడిగి తీయండి, తీశాక తెర మీద చూపించండి.

రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైలు) కూడా దాచుకోండి. నాయిస్ (చీకటి ఫొటోల్లో కనిపించే నలుసులు) తగ్గించే మీటను కంప్యూటర్‌లో పూర్తిగా లాగవద్దు, చర్మం మైనంలా అయిపోతుంది. 3200 దగ్గర తీసిన ఆ దోసెల బండి ఫొటోను 4×6 సైజులో ప్రింటు వేయించాను, నలుసులు వెతికితే తప్ప కనిపించలేదు. బండి నడిపే అక్కకు తీసుకెళ్లి ఇస్తే కూతుళ్లకని ఇంకో రెండు అడిగింది.