గొర్రెల దాణాలో నూనె: ఎంత కలపాలి, ఎలా అలవాటు చేయాలి

గొర్రెకు పెట్టిన నూనె నేరుగా గొర్రెకు అందదు. అది ముందుగా రూమెన్ అనే పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల మధ్యకు చేరుతుంది. గడ్డిలోని పీచును జీర్ణం చేసేది ఆ జీవులే కనుక, దాణాలో ఎంత నూనె కలపవచ్చన్నది గొర్రె ఎంత ఇష్టంగా తింటుందన్న దాన్ని బట్టి కాక, ఆ సూక్ష్మజీవులు ఎంత తట్టుకోగలవన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. నూనె వాడి నష్టపోయిన మందల్లో చాలావరకు లోపం నూనెలో ఉండదు, లెక్కలో ఉంటుంది.

రూమెన్‌లోకి వెళ్లిన నూనెను అక్కడి బ్యాక్టీరియా కొద్ది గంటల్లోనే విడగొట్టి గ్లిజరాల్‌ను, కొవ్వు ఆమ్లాలను వేరు చేస్తుంది. గ్లిజరాల్ పులిసి ఎక్కువగా ప్రొపియోనిక్ ఆమ్లంగా మారి గొర్రెకు శక్తినిస్తుంది. కొవ్వు ఆమ్లాల సంగతి వేరు. ద్విబంధాలు (కార్బన్ అణువుల మధ్య రెండేసి బంధాలు) ఉన్న అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పీచును జీర్ణం చేసే బ్యాక్టీరియాకు విషంలా పనిచేస్తాయి. ఆ విషాన్ని తగ్గించుకోవడానికి సూక్ష్మజీవులు వాటికి హైడ్రోజన్‌ను చేర్చి ద్విబంధాలు లేని సంతృప్త ఆమ్లాలుగా మారుస్తాయి: పొద్దుతిరుగుడు నూనెలో ప్రధానంగా ఉండే లినోలిక్ ఆమ్లం మొదట సంయుగ్మ లినోలిక్ ఆమ్లంగా, తరువాత వ్యాక్సినిక్ ఆమ్లంగా, చివరకు స్టియరిక్ ఆమ్లంగా మారుతుంది. ఎంత పలుచని నూనె పెట్టినా గొర్రె కొవ్వు గట్టిగానే ఉండటానికి ముఖ్య కారణం ఇదే. మధ్యలో తప్పించుకుని పేగులకు చేరిన వ్యాక్సినిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని గొర్రె కణజాలాలు, పొదుగు మళ్లీ సంయుగ్మ లినోలిక్ ఆమ్లంగా మార్చుకుంటాయి.

పరిమితిలో ఉన్నంతవరకు ఈ మార్పులు మేలే చేస్తాయి. రూమెన్‌లోని ప్రోటోజోవా అనే ఏకకణ జీవుల సంఖ్య తగ్గుతుంది. ప్రోటోజోవా బ్యాక్టీరియాను మింగి బతికేవి కాబట్టి, అవి తగ్గితే రూమెన్‌లో అమ్మోనియా తగ్గి, పేగులకు చేరే సూక్ష్మజీవుల మాంసకృత్తులు పెరుగుతాయి. మేతలోని శక్తిలో కొంత భాగాన్ని తేన్పుల రూపంలో బయటకు పంపించే మీథేన్ కూడా తగ్గుతుంది. మేతలో కొవ్వు ఒక శాతం పెరిగితే మీథేన్ సుమారు 3 నుంచి 5 శాతం తగ్గవచ్చు. నూనె జీర్ణమయ్యేటప్పుడు పుట్టే వేడి గింజలు, గడ్డి జీర్ణమయ్యేటప్పటి కంటే తక్కువ కనుక ఎండాకాలంలో అది మరో లాభం. పరిమితి దాటితే మాత్రం కథ తిరగబడుతుంది. కొవ్వు ఆమ్లాలు పీచు ముక్కలకు పూతలా అంటుకుని బ్యాక్టీరియాను దగ్గరకు రానివ్వవు, పీచును తినే జీవులు నశిస్తాయి, జీర్ణం కాని గడ్డి పొట్టలోనే ఎక్కువసేపు నిలిచిపోతుంది, దాంతో గొర్రె మేత తగ్గిస్తుంది. నూనెతో సంపాదించిన శక్తిని గడ్డి రూపంలో పోగొట్టుకోవడమే చివరకు మిగిలేది.

మోతాదు లెక్క

గొర్రె రోజంతా తినే మొత్తం పొడి పదార్థంలో (తేమను తీసేసి లెక్కించిన మేత బరువులో) కొవ్వు 5 నుంచి 6 శాతం మించకూడదు. ఇక్కడ మొత్తం అన్న మాట ముఖ్యం. కలిపిన నూనెనే కాక, గడ్డిలో, గింజల్లో, పిండిచెక్కల్లో అంతకుముందే ఉన్న కొవ్వును కూడా లెక్కించాలి. ఉదాహరణకు 30 కిలోల గొర్రె రోజుకు సుమారు ఒక కిలో పొడి పదార్థం తింటుందనుకుందాం. అందులో 700 గ్రాములు ఎండుగడ్డి, 300 గ్రాములు దాణా అయితే, గడ్డి నుంచి సుమారు 12 గ్రాములు, మామూలు దాణా నుంచి సుమారు 9 గ్రాములు, మొత్తం 21 గ్రాముల కొవ్వు ముందే అందుతోంది. పరిమితి 50 గ్రాములనుకుంటే ఇంకా 29 గ్రాములకు చోటు ఉన్నట్లు కనిపిస్తుంది.

అయితే ఆ 29 గ్రాములనూ 300 గ్రాముల దాణాలోనే పోస్తే దాణాలో నూనె పది శాతానికి దగ్గరవుతుంది. అది ముద్ద కడుతుంది, త్వరగా చెడిపోతుంది, ఒక్కసారిగా రూమెన్‌లోకి దిగుతుంది. అందుచేత రెండో హద్దు కూడా పెట్టుకోవాలి: దాణా బరువులో నూనె 5 శాతం లోపే ఉండాలి. ఈ గొర్రె విషయంలో అది రోజుకు 15 గ్రాములు. ఈ రెండు హద్దుల్లో ఏది ముందు తగిలితే అదే మన మోతాదు.

దాణాలో నూనె తీయని తవుడు ఉంటే లెక్క మారిపోతుంది. అటువంటి తవుడులో 12 నుంచి 18 శాతం దాకా నూనె ఉంటుంది కనుక, 300 గ్రాముల దాణాలో 100 గ్రాములు తవుడైతే అదొక్కటే 12 నుంచి 18 గ్రాముల కొవ్వును తెస్తుంది. గానుగలో ఆడించిన పిండిచెక్కల్లోనూ చెప్పుకోదగినంత నూనె మిగులుతుంది. ద్రావకంతో నూనె తీసిన చెక్కల్లో మాత్రం దాదాపు ఏమీ ఉండదు. తవుడు, గానుగచెక్క రెండూ ఉన్న దాణాలో వేరుగా నూనె కలపవలసిన అవసరం చాలాసార్లు ఉండదని నా అభిప్రాయం.

లాభం ఎంతో కూడా చూసుకోవాలి. నూనె నుంచి గొర్రెకు అందే శక్తి, అదే బరువు గింజల నుంచి అందే దానికి సుమారు రెండుంపావు రెట్లు. అంటే 15 గ్రాముల నూనె సుమారు 35 గ్రాముల గింజలకు సాటి. గింజలు దొరుకుతున్న చోట, గొర్రె వాటిని హాయిగా తింటున్నప్పుడు, ఈ శ్రమ పడటం దండగ. గింజలు పెంచితే పొట్టలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉన్నప్పుడు, వేడికి మేత తగ్గినప్పుడు, దాణా దుమ్ముగా ఉండి గొర్రెలు తుమ్ముతున్నప్పుడు నూనెకు నిజమైన ఉపయోగం ఉంటుంది.

ఏ నూనె

పొద్దుతిరుగుడు, సోయా నూనెల్లో లినోలిక్ ఆమ్లం ఎక్కువ; అవిసె నూనెలో సగానికి అటూఇటూగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. ద్విబంధాలు ఎక్కువైన కొద్దీ సూక్ష్మజీవులపై దెబ్బ కూడా ఎక్కువ కాబట్టి అవిసె నూనెతో మరింత జాగ్రత్త అవసరం. కొబ్బరినూనె సంతృప్తమైనదే అయినా అందులోని లారిక్ ఆమ్లం ప్రోటోజోవాను బలంగా దెబ్బతీస్తుంది, రుచి నచ్చక గొర్రెలు దాణాను వదిలేయడమూ ఉంది. పామాయిల్ కొంత సౌమ్యంగా ఉంటుంది. నూనెకు బదులు నలగ్గొట్టిన గింజలు పెడితే నూనె నెమ్మదిగా విడుదలవుతుంది గనుక రూమెన్‌కు తేలిక. వేపుడుకు వాడిన నూనెను, ముక్కవాసన పట్టిన నూనెను ఏ ధరకు వచ్చినా వాడకూడదు.

కలిపే విధానం

నూనెను కొలతపాత్రతో కాక తూకంతో కొలవడం మేలు. పాత్రతోనే కొలవవలసి వస్తే 15 గ్రాములు సుమారు 16 మిల్లీలీటర్లని గుర్తుంచుకోవాలి. మొత్తం దాణాపై నూనెను ఒక్కసారిగా పోస్తే కొన్ని గొర్రెలకు ముద్దలు, కొన్నింటికి పొడి పిండి మిగులుతుంది. దాణాలో పదో వంతు మెత్తని పిండిని వేరుగా తీసి, నూనెను సన్నని ధారగా పోస్తూ రెండు అరచేతుల మధ్య రుద్ది, ఉండలన్నీ విడిపోయాక దాన్ని మిగతా దాణాలో కలపాలి. చలికి నూనె గడ్డకట్టి ఉంటే గోరువెచ్చగా చేస్తే చాలు. కలిసిన దాణాను గుప్పిట పట్టి నొక్కి వదిలినప్పుడు అది విచ్చుకుని రాలిపోవాలి. ముద్దగా నిలిచి చేతికి జిడ్డు మెరుస్తుంటే నూనె ఎక్కువైనట్లే. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కలిపి, నీడలో మూతపెట్టి ఉంచాలి. రోజు దాణాను రెండు పూటలుగా, గొర్రెలు కొంత గడ్డి మేసిన తరువాత పెట్టాలి.

మొదటి రోజే పూర్తి మోతాదు ఇవ్వకూడదు. నాలుగో వంతుతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకొకసారి మరో నాలుగో వంతు పెంచుతూ పోతే రెండు మూడు వారాల్లో సూక్ష్మజీవులు సర్దుకుంటాయి. నూనెను రోజూ నోట్లో పోయడం మాత్రం ఎన్నడూ చేయరాదు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారినా గొర్రె గట్టిగా దగ్గకపోవచ్చు, న్యుమోనియా మాత్రం వస్తుంది. నురుగు ఉబ్బరానికి పశువైద్యులు పట్టించే నూనె ఒక్కసారి వాడే మందు. దాన్ని చూసి మేతలో మోతాదు నిర్ణయించుకోకూడదు.

కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి కరగని సబ్బులుగా మారతాయి కాబట్టి, నూనె పెట్టే రోజుల్లో మేతలో కాల్షియం తగ్గకుండా సున్నపురాయి పొడి వంటిది కలపాలి. ఖనిజ మిశ్రమం గొర్రెల కోసం తయారైనదే కావాలి. పశువుల మిశ్రమంలో ఉండే రాగి గొర్రెకు మామూలుగానే ప్రమాదకరం. ప్రోటోజోవా తగ్గినప్పుడు గొర్రె ఒంట పట్టే రాగి మరింత పెరుగుతుంది.

గమనించవలసినవి

నూనె మొదలుపెట్టే ముందే కొన్ని గొర్రెల పెంటికలను చూసి పెట్టుకోవాలి. తరువాత వారానికొకసారి గుప్పెడు పెంటికలను సన్నని జల్లెడలో వేసి నీళ్లతో కడిగి చూస్తే, మునుపటి కంటే పొడుగైన గడ్డి పోగులు ఎక్కువగా మిగులుతున్నాయా అన్నది కంటికే తెలుస్తుంది. పోగులు పెరిగాయంటే పీచు అరగడం లేదని అర్థం. బరువు తగ్గడానికి చాలా ముందే ఇది కనిపిస్తుంది. పెంటికలు విడివిడిగా కాక ముద్దగా, జిడ్డుగా పడటం, దాణా తొట్టిలో మిగలడం, పడుకున్న గొర్రెల్లో నెమరు వేసేవి తగ్గడం మిగతా గుర్తులు. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి ఉంచితే రూమెన్ నిమిషానికి ఒకటి రెండుసార్లు కదలాలి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా నూనె ఆపి, మంచి ఎండుగడ్డి, నీరు పెట్టి, కోలుకున్నాక సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎడమ డొక్క బిగుసుకుని ఉబ్బితే మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవాలి.

రూమెన్ ఇంకా ఎదగని పాలు తాగే పిల్లలకు ఈ దాణా పెట్టకూడదు. నిండు చూడి గొర్రెల్లో, ముఖ్యంగా కవలలు మోసే వాటిలో, గింజలు తగ్గించి నూనె పెంచడం ప్రమాదం. పిండానికి కావలసింది గ్లూకోజు. నూనెలోని పొడవైన కొవ్వు ఆమ్లాలు గ్లూకోజుగా మారవు. ఈనిన తరువాత పాలిచ్చే గొర్రెలకు పరిమిత మోతాదు బాగానే పనిచేస్తుంది, ఆవుల్లో నూనెకు పాలలో వెన్న తగ్గినంతగా గొర్రెల్లో సాధారణంగా తగ్గదు.

నూనె ఆపదలిస్తే ఒక వారం పాటు క్రమంగా తగ్గిస్తూ, ఆ లోటుకు తగినంత గింజలను కూడా అంతే నెమ్మదిగా పెంచాలి.